కత్తెరమ్మ గీసిన మొదటి గీత

కత్తెరమ్మ చేతికి చిక్కిన కాగితం ఏదీ చెక్కుచెదరకుండా బయటపడదు. పెళ్ళిపిలుపు అయినా, బడి నుంచి వచ్చిన నోటీసు అయినా, మిక్సీతో పాటు ఇచ్చే సూచనల పుస్తకం అయినా ఆవిడకు ఒకటే. చెవి వెనక నుంచి పెన్సిల్ దిగుతుంది, రెండు మాటలు ఎగిరిపోతాయి, మిగిలిన మాటలు ఊపిరి పీల్చుకుంటాయి. తెలిసినవాళ్ళెవరో పోయారని వచ్చిన కార్డులో 'మరణించి చనిపోయారు' అని ఉంటే, ముందు ఒకటి కొట్టేసి తర్వాత కళ్ళు తుడుచుకున్న మనిషి. ఆ పేరు అమ్మానాన్నలు పెట్టింది కాదు, ప్రెస్సులో పనివాళ్ళు పెట్టారు. మొదట చాటుగా అన్నారు, తర్వాత ఎదురుగానే అన్నారు. ఆవిడ ఉలకలేదు, పలకలేదు. పేరు స్థిరపడిపోయింది.

ఆవిడ పద్దెనిమిదేళ్ళప్పుడు చేరిన ఆ ప్రెస్సు పుస్తకాలు వేసేది కాదు. మందుల డబ్బాల్లో మడతపెట్టి పెడతారే, సన్నటి కాగితం, చీమలబారు లాంటి అక్షరాలు, అవి వేసేది. వాటిని ఎవరు చదువుతారులే అనుకుంటాం. మందు వికటించినప్పుడు మాత్రం ఇల్లంతా దానికోసమే వెతుకుతుంది. ఆ కాగితం ఎనిమిది మడతల్లో ఇమడాలి. ఒక్క వరస పెరిగిందంటే మడతల యంత్రం దాన్ని నలిపి పారేస్తుంది. 'ఈ మందును ప్రతిరోజూ దినానికి మూడు పూటలా మూడుసార్లు వేసుకోవలెను' అని కంపెనీవాళ్ళు రాసి పంపితే, ఆవిడ చేతిలో అది 'రోజుకు మూడుసార్లు వేసుకోవాలి' అయ్యేది. 'మందు మింగి నర్సు రోగిని పడుకోబెట్టాలి' అని వస్తే, "ముందు ఆ నర్సును పడుకోబెట్టండయ్యా, మందు మింగింది ఆవిడే కదా!" అని గదంతా వినపడేలా అనేది. అందరూ నవ్వేవాళ్ళు, నవ్వుతూనే దిద్దేవాళ్ళు. ఆవిడ చూసి పంపిన కాగితం అర్థం కాలేదని ఆ ప్రెస్సుకు ఏనాడూ ఒక్క ఉత్తరం రాలేదు. ఎంతమంది ప్రాణాలకు ఆ పెన్సిల్ కాపలా కాసిందో లెక్క చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.

చేరిన కొత్తల్లో ఒక సంగతి జరిగింది. ఒక ప్రూఫు ఎంత చూసినా తప్పు దొరకలేదు. ఒక్క గీతా లేకుండా వెనక్కి పంపింది. యజమాని ఆ కాగితాన్ని పనివాళ్ళందరి ముందూ పైకెత్తి, "చదివావా, కునుకు తీశావా?" అని అడిగాడు. నిలబెట్టి మూడుసార్లు గట్టిగా చదివించాడు. మూడుసార్లూ తప్పు దొరకలేదు. అయినా ఆయన 'సరే' అని ఒక్క మాట అనలేదు. పందొమ్మిదేళ్ళు నిండని పిల్లకు అది తల కొట్టేసినంత పని. ఆ తర్వాత ఆ చేతి మీదుగా గీత లేని ప్రూఫు వెళ్ళలేదు. తప్పుంటే దిద్దేది, లేకపోతే కామానైనా అటు నుంచి ఇటు జరిపేది.

పాతికేళ్ళ తర్వాత ప్రెస్సు మూతపడింది. కత్తెరమ్మ చేతులు ముడుచుకుని కూర్చునే రకం కాదు. కళ్ళద్దాల కొట్టు పైన ఒక గది అద్దెకు తీసుకుని, ఆరు బెంచీలు, ఒక నల్లబల్ల పెట్టించి, ఉద్యోగాల పరీక్షకు వెళ్ళేవాళ్ళకు పాఠాలు మొదలుపెట్టింది. ఆ పరీక్షలో చాలామందికి కొరుకుడు పడని భాగం ఒకటుంది. ముప్ఫై వాక్యాలిస్తారు. ఒక్కోదానిలో కొంత ముక్కను నల్లటి అక్షరాల్లో వేస్తారు. ఆ ముక్క బదులు ఏది పెడితే బాగుంటుందో ఐదు సమాధానాల్లోంచి ఎంచుకోవాలి. వాటిలో మొదటిది ఎప్పుడూ ఉన్నది ఉన్నట్టే ఉంటుంది, అంటే మార్పు అక్కర్లేదని అర్థం. ఈ భాగంలో ముప్ఫైకి ఇరవై రెండు రాకపోతే, మిగతా భాగాల్లో కొండలు పిండి కొట్టినా ప్రయోజనం లేదు.

చెప్పడంలో మాత్రం ఆవిడ తర్వాతే ఎవరైనా. "'వెనక్కి తిరిగి మరలి వచ్చాడు'. ఎన్నిసార్లు వచ్చాడర్రా? ఒక్కసారే కదా! ఒక పనికి ముగ్గురు కూలీలెందుకు, ఇద్దర్ని ఇంటికి పంపండి" అనేది. "కర్త వాక్యం మొదట్లో ఉంటాడు, క్రియ చివర్లో ఉంటుంది. మధ్యలో ఇరవై మాటల సంత. ఆ సంతలో దారితప్పి క్రియ ఎవరి చెయ్యో పట్టుకుంటుంది. వెతికి తెచ్చి దాని మనిషికి అప్పగించండి" అనేది. వ్యాకరణమంటే చెమటలు పట్టేవాళ్ళు కూడా ఆ గదిలో పడీపడీ నవ్వుతూ నేర్చుకునేవాళ్ళు. మెట్ల మీద కూర్చుని వినేవాళ్ళు కూడా ఉండేవాళ్ళు.

ఆవిడ పెట్టిన నియమం ఒకటుంది. దాని పేరు మొదటి గీత. ప్రశ్న చదవగానే మొదటి సమాధానం మీద పెన్సిల్‌తో అడ్డంగా ఒక గీత కొట్టాలి. "తప్పే లేకపోతే పరీక్షలో ఎందుకు పెడతారు, వాళ్ళకేం పనీపాటా లేదా? కొట్టెయ్యండి. ఐదులో ఒకటి పోయింది, నాలుగే మిగిలాయి. టైమ్ కలిసొస్తుంది" అనేది. వినడానికి ఎంత ఇంపుగా ఉందో చూడండి. ఆవిడ సొంతంగా రాసి పెట్టే పరీక్షల్లో తప్పు లేని వాక్యం ఒక్కటీ ఉండదు కాబట్టి, ఆ నియమం ఆ గదిలో ఎప్పుడూ నెగ్గేది. పదకొండేళ్ళు అలాగే నెగ్గింది.

ఇలాంటి మనిషికి దొరికిన మొగుడెవరనుకున్నారు? లిఫ్టులు బాగుచేసే మెకానిక్. మంచివాడు. కానీ ఆయన నోటి నుంచి మాట ఒంటరిగా రాదు, చుట్టాలందరినీ వెంటేసుకుని వస్తుంది. "ఇవాళ లిఫ్టు ఆగిపోయింది, కదల్లేదు, ఎక్కడిదక్కడే నిలిచిపోయింది" అంటాడు ఇంటికొచ్చి. "మొత్తం ఒక లిఫ్టా, మూడా?" అంటుంది ఈవిడ. ముప్ఫై ఏళ్ళ కాపురం ఈ తీరుగానే సాగింది.

ఆయన చెల్లెలు, అంటే కత్తెరమ్మకు ఆడపడుచు, ఆసుపత్రి వార్డులో ఆయా. పదమూడేళ్ళుగా మనుషుల్ని ఎత్తి మంచాల మీదికి చేరుస్తూ చేరుస్తూ నడుం అరిగిపోయింది. అదే ఆసుపత్రిలో కింది అంతస్తున రికార్డుల గది ఉంది. అక్కడ గుమాస్తాగా కూర్చోవాలని ఆవిడ కోరిక. కుర్చీ కోసం మాత్రమే కాదు. ఆవిడ చేతిరాత ముత్యాల కోవ. బడిలో ఎప్పుడూ ముందుండేది. వార్డులో ఎవరికీ ఆ సంగతి అక్కర్లేదు. ఆ పరీక్షకు ముప్ఫై అయిదేళ్ళ వరకే కూర్చోనిస్తారు. మొదటిసారి ఆవిడకు వాక్యాల భాగంలో ఇరవై వచ్చాయి. మరుసటేడు ఇరవై ఒకటి. ఒక్క మార్కు. ఇక మిగిలింది వచ్చే ఏడు ఒక్కటే. అది తప్పితే మళ్ళీ జన్మంతా మంచాల దగ్గరే.

ఆడపడుచు నోట్లో నాలుక లేని మనిషి, వదిన మాటంటే శిలాశాసనం. రెండోసారి తప్పాక ఒక సాయంత్రం డ్యూటీ దిగి నేరుగా గదికి వచ్చింది. పరీక్షలాఫీసువాళ్ళు ఆ ఏడే మొదటిసారిగా, అడిగినవాళ్ళకు జవాబు కాగితం నకలూ, సరైన సమాధానాల పట్టికా ఇవ్వడం మొదలుపెట్టారు.

"ఎక్కడ తప్పానో కాస్త చూసి పెడతారా వదినా? ఊరికే కాదు, మళ్ళీ అక్కడే తప్పకుండా ఉంటానని" అంది.

"కూర్చో, టీ తాగు. ఇప్పుడే చూస్తా" అంది కత్తెరమ్మ.

తప్పినవి తొమ్మిది. మూడింటికి కారణం తెలిసింది, కంగారులో జరిగినవి. మిగతా ఆరింటికీ పట్టికలో ఒకటే సమాధానం ఉంది, మొదటిది. కత్తెరమ్మ ముక్కు మీది కళ్ళద్దాలు సర్దుకుంది.

"అచ్చుతప్పు పడింది. పట్టిక వేసినవాడు ఎవడో నిద్రమొహంతో వేశాడు" అంది.

పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటే ఇదే. కానీ అన్నదన్న మాటే గానీ ఆవిడకు మనసులో ఏదో కలుక్కుమంది. ఆ ఏడు తప్పిన మరో నలుగురి చేత కాగితాలు తెప్పించింది. బెంచీల మీద పరిచి, కొలబద్ద పెట్టి, వరసవరసగా చూసింది. అయిదుగురికీ అవే ఆరు తప్పాయి. అయిదుగురూ బుద్ధిగా మొదటి గీత కొట్టినవాళ్ళే.

మర్నాడు పోస్టాఫీసుకు వెళ్ళింది. కిందటేడు పాసైన శిష్యురాలు అక్కడ స్టాంపుల కిటికీ దగ్గర పనిచేస్తోంది. కత్తెరమ్మ వరసలో నిలబడి, తన వంతు వచ్చాక స్టాంపు అడగలేదు.

"నిజం చెప్పమ్మా. పరీక్షలో మొదటి గీత కొట్టావా?"

ఆ అమ్మాయి నీళ్ళు నమిలింది. "క్లాసులో కొట్టేదాన్నండి. పరీక్షలో కొట్టలేదు టీచర్. బాగానే ఉన్నవి కొన్ని ఉన్నాయి, వాటిని ఊరికే వదిలేశాను. మాలో పాసైనవాళ్ళెవరమూ కొట్టలేదండి."

"మరి నాకు చెప్పలేదేం?"

"మీకు చెప్పే ధైర్యం ఎవరికుంది టీచర్?" అంది ఆ అమ్మాయి. ఎగతాళిగా కాదు, ఉన్నమాటే అంది. వెనక ఉన్నాయన తొందర పెడుతుంటే కత్తెరమ్మ పక్కకు తప్పుకుంది.

మాట విన్నవాళ్ళు తప్పారు, వినకుండా దాటేసినవాళ్ళు గట్టెక్కారు. గురువన్న మనిషికి ఇంతకంటే చేదు ఇంకేముంటుంది? మరొకరైతే ఆ సంగతి అక్కడే మింగేసి, వచ్చే వారం నుంచి చప్పుడు చేయకుండా నియమం మార్చేసేవాళ్ళు. ఎవరికీ తెలిసేది కాదు. కత్తెరమ్మ గొప్పతనమంతా ఇక్కడే ఉంది. తన ఇంటి దగ్గర దిగకుండా బస్సులో చివరిదాకా వెళ్ళి, అక్కడ దిగి ఆడపడుచు ఇంటి తలుపు తట్టింది.

ఆడపడుచు నడుముకు వేడినీళ్ళ సంచీ పెట్టుకుని పడుకుని ఉంది. వదినను చూసి లేవబోయింది.

"లేవకు. నువ్వు పడుకునే విను. నీ రెండేళ్ళూ నేనే తినేశానమ్మా. ఆ ఆరు వాక్యాల్లో తప్పు లేదు. అలాంటివాటిని నువ్వు ముట్టుకోకుండా ఉంటే మొదటిసారే గుమాస్తావి. ముట్టుకోమని చెప్పింది నేను" అంది కత్తెరమ్మ. ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు.

ఆడపడుచు వేడినీళ్ళ సంచీ తీసి పక్కన పెట్టింది. ఆవిడ ఏడుస్తుందనో, 'పోనీలే వదినా' అంటుందనో కత్తెరమ్మ అనుకుంది. ఆవిడ రెండూ చేయలేదు.

"నాకు అనుమానం వచ్చింది వదినా. పరీక్షలో కూర్చున్నప్పుడే. 'ఇది బాగానే ఉందే' అనిపించింది. అయినా కొట్టేశాను. మీరు చెప్పారని" అంది. మళ్ళీ తనే, "కోపంగా ఉంది వదినా. అబద్ధం చెప్పను" అంది.

"ఉండాలి" అంది కత్తెరమ్మ.

"మరి ఇప్పుడు మీరు చెప్పేది తప్పు కాదని ఏంటి నమ్మకం?"

ఆ ఇంట్లో అంతకుముందు ఎవరూ కత్తెరమ్మను అలా అడగలేదు. ఆవిడకు అది చెంపదెబ్బలా తగలాలి. తగల్లేదు సరికదా, ఊపిరి తేలికయింది. "నమ్మకం లేదమ్మా. అందుకే ఇకనుంచి ఇద్దరం కలిసి చూద్దాం. నేను తప్పితే నువ్వు చెప్పు" అంది.

సోమవారం క్లాసులో నల్లబల్ల ముందు నిలబడి అందరికీ ఇదే చెప్పింది. మర్నాటికి నలుగురు వేరే చోట చేరిపోయారు. "వాళ్ళ తప్పేముంది, నేనైనా పోతాను" అంది తప్ప, పల్లెత్తు మాట అనలేదు. ప్రెస్సులో జరిగిన ఆ పాత అవమానాన్ని కూడా మొదటిసారి నోరు విప్పి మొగుడికి చెప్పింది. ఆయన ఆ రోజు ఒక్క మాటే అన్నాడు. "పాడు ముండాకొడుకు" అన్నాడు. దాన్ని ఆవిడ దిద్దలేదు.

ఇక కొత్త పాఠం. తప్పున్న వాక్యాలూ లేని వాక్యాలూ కలగలిపిన పరీక్ష కావాలి, వాటిలో తప్పు లేనివి ఎన్నో ఎవరికీ తెలియకూడదు. కత్తెరమ్మ పరీక్షలాఫీసులో అడిగి పాత ప్రశ్నపత్రాలూ వాటి పట్టికలూ తెచ్చుకుని, ప్రశ్నలన్నీ కత్తిరించి ఒక డబ్బాలో పోసింది. వారం వారం ముప్ఫై చీటీలు తీసి, పట్టిక దగ్గర పెట్టుకునే పని మొగుడికి అప్పగించింది. తాను కూడా పిల్లల మధ్య బెంచీ మీద కూర్చుని రాసింది. ఆ వయసులో, అంత పేరున్న మనిషి! మొదటి వారం ఆవిడకు పందొమ్మిది వచ్చాయి.

"నువ్వు తప్పావు, ఫెయిలయ్యావు, గట్టెక్కలేదు" అన్నాడు ఆయన, పట్టలేని ఆనందంతో.

"తెలిసింది లెండి" అంది ఆవిడ. లేచి వెళ్ళి తన మార్కు తానే నల్లబల్ల మీద అందరికంటే పైన రాసింది. బాగున్న వాక్యాన్ని చూస్తే చెయ్యి ఊరుకునేది కాదు. ముప్ఫై ఆరేళ్ళ అలవాటు ఒక్క వారంలో ఎక్కడికి పోతుంది? రెండో వారం ఇరవై ఒకటి వచ్చాయి. ఆ తర్వాత మళ్ళీ ఇరవై. ఆడపడుచుకు మాత్రం ఇరవై మూడు, ఇరవై అయిదు, ఒకసారి ఇరవై ఏడు వచ్చాయి.

"ఎలా తెలుస్తోందే నీకు?" అని అడిగింది కత్తెరమ్మ, దాచుకోకుండా, శిష్యురాలిలాగే.

"వార్డులో ఎవరైనా ఇలా అంటారా అని చూస్తాను వదినా. రోగి తాలూకు వాళ్ళకు ఈ మాట చెప్తే వాళ్ళు మళ్ళీ 'ఏంటమ్మా?' అని అడుగుతారా, అడగరా అని. అడగరంటే వదిలేస్తా."

కత్తెరమ్మ ఆ మాటను నోటుపుస్తకంలో రాసుకుంది. మరుసటి రోజు క్లాసులో, ఎవరు చెప్పారో చెప్పి మరీ, పాఠంగా చెప్పింది.

పరీక్ష రోజున కత్తెరమ్మ గేటు బయటే ఉంది. ఎండలో రెండు గంటలు. మొగుడు కుర్చీ తెస్తానన్నా వద్దంది. ఆడపడుచు అందరికంటే ఆఖరున బయటికి వచ్చింది, మొహం చూస్తే ఏమీ తెలియలేదు.

"ఎన్ని మార్చకుండా వదిలేశావు?"

"ఏడు."

కత్తెరమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. పాత పత్రాల్లో ఎప్పుడూ అయిదో ఆరో ఉండేవి. "ఏడా? ఏదీ, అనుమానంగా ఉన్నది ఒకటి చెప్పు" అంది.

"ఒకటుంది. 'డాక్టరు వచ్చేవరకూ ఆ తల్లి తలుపు దగ్గరే నిలబడి ఉంది.' మొదట కొట్టెయ్యాలని చెయ్యి లాగింది వదినా."

"'నిలబడింది' చాలు కదే! 'ఉంది' ఎందుకక్కడ?" అనేసింది కత్తెరమ్మ, పెన్సిల్ లేకుండానే గాలిలో గీత కొట్టేసి.

"కాదు వదినా" అంది ఆడపడుచు. ఈ మనిషి వదినతో 'కాదు' అనడం అదే మొదలు. "నిలబడడం ఒక్క క్షణం పని. నిలబడి ఉండడం వేరు. నేను ఎంతమంది తల్లుల్ని చూశాను! కూర్చోమ్మా అంటే కూర్చోరు. వాళ్ళ కాళ్ళు నాకు తెలుసు. అందుకే వదిలేశా."

కత్తెరమ్మ దారంతా ఆ వాక్యాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఔనో కాదో తేల్చుకోలేకపోయింది. నలభై రోజులు ఆ వాక్యం ఆవిడను నిద్రలో కూడా వదల్లేదు. తప్పయితే ఆ తప్పు కూడా తన ఖాతాలోదే కదా అని కుమిలింది. ఒకసారి భోజనం దగ్గర మొగుణ్ణి అడిగింది. "నిలబడి ఉంది, నిలుచుని ఉంది, అక్కడే ఉండిపోయింది, ఏదైనా ఒకటేగా" అన్నాడు ఆయన, నిమిషం ఆలోచించి.

ఫలితాలు పరీక్షలాఫీసు గోడకు అంటించారు. పక్కనే సమాధానాల పట్టిక. జనం ఒకరి మీద ఒకరు పడుతున్నారు. ఆడపడుచు పాసైనవాళ్ళ నంబర్ల వైపు వెళ్ళింది. కత్తెరమ్మకు అటు చూసే ధైర్యం లేక పట్టిక వైపు వెళ్ళి, వేలితో వరసలు దిగుతూ ఆ వాక్యం దగ్గర ఆగింది. మొదటి సమాధానం. మార్పు అక్కర్లేదు.

"నేనైతే తప్పేదాన్ని" అంది పైకే, ఎవరితోనో తెలియకుండా. ఆవిడ జీవితంలో అంత సంతోషంగా తప్పు ఒప్పుకున్నది లేదు.

గుంపులోంచి తోసుకుంటూ వెళ్ళింది. ఆడపడుచు గోడకు ఆనుకుని, ఒక నంబరు మీద అరచెయ్యి పెట్టి కప్పేసింది, ఎవరైనా ఎత్తుకుపోతారన్నట్టు. దాని ఎదురుగా, వాక్యాల భాగం కింద, ఇరవై ఆరు అని ఉంది. కళ్ళ నీళ్ళు చుబుకం దాకా వచ్చినా తుడుచుకోవడం లేదు.

"ఇది నాది వదినా" అంది. "నాదే. ఇది నాదే."

కత్తెరమ్మ ఆ చెయ్యి మీద తన చెయ్యి వేసింది. "నీదేనమ్మా" అంది. "నీదే, నీదే. అవును, నీదే."